మేఘము దూరము, నీహారము సమీపము
(వికారాబాదునందు మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ముప్పదియైదు సంవత్సరములు బాలబాలికలకు శబ్దములును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను నేను. ఈ సభయందు కంప్యూటరు శాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, అది నా యధికారము గాదని విన్నవించితిని. అందులకు వారు నవ్వి, "పంతులుగారూ, మన పిల్లలలో సగముమంది ఆ చదువునకే పోవుచున్నారు. ఆ చదువు మన వికారాబాదునకును తాండూరునకును ఏమి యుపకరించునో చెప్పువారు మాత్రము లేరు. మీరు తెలిసికొని చెప్పుడు" అనిరి. తెలిసికొనుటకు నాకు మూడు నెలలు పట్టినది. నా పూర్వవిద్యార్థు లిద్దఱు, ఒకడు రైల్వే సిగ్నలు శాఖయందును, ఒకతె హైదరాబాదులోని కంప్యూటరు కార్యాలయమునందును పనిచేయువారు, గురుదక్షిణగా నాకే పాఠములు చెప్పిరి. ఈ యుపన్యాసమున గుణము లున్నచో వారివి, దోషము లున్నచో నావి.

ఆ పాఠములలో నన్నాకర్షించిన పేర్లు రెండు. ఒకటి మేఘము, రెండవది నీహారము. ఆంగ్లమున వీనిని క్లౌడ్ కంప్యూటింగు, ఫాగ్ కంప్యూటింగు అందురు. మనము మేఘగణన మనియు నీహారగణన మనియు చెప్పుకొందము. నీహారమనగా పొగమంచు. పుష్యమాసమున తెల్లవాఱుజామున అనంతగిరి కొండమీదికి పోయినవా రందఱును దాని నెఱుగుదురు. పైన నున్నపుడు మేఘమని పిలువబడునదే క్రిందికి దిగి నేలను, చెట్లను, మన శాలువను తాకినపుడు పొగమంచగును. ఈ రెండు పేర్ల భేదమంతయు ఇందే యున్నది.

మొదట మేఘమనగా నేమో చూతము. నేడు మీ చేతిలోని సెల్‌ఫోనున మీరు చూచు ఛాయాచిత్రములు, బ్యాంకు లెక్కలు, పరీక్షాఫలితములు చాలవఱకు ఆ ఫోనులో నుండవు. ఎచ్చటనో పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటరులు బారులు తీర్చి యుంచబడినవి. అడిగినపుడు అవి లెక్కకట్టి సమాధానము పంపును. ఇంజనీర్లు పటము గీయునపుడు దూరమున నున్న ఆ సామగ్రి నంతయు ఒక మబ్బుబొమ్మగా గీయుట వాడుకయైనది. పేరు అందుండి వచ్చినది. ఈ మేఘభవనములు ఇపుడు మనకు మిక్కిలి దూరమున లేవు. అమెజాను సంస్థ హైదరాబాదు ప్రాంతమున తన మేఘకేంద్రమును 2022 నవంబరునందు ప్రారంభించినది. ఒక్కొక్కడు వేఱువేఱుగా యంత్రములు కొననక్కఱలేకుండ, అద్దెకు తీసికొని వాడుకొను సౌకర్యము దీనివలన కలిగినది. ఇది గొప్ప మేలు. దీనిని నిందించుటకు నేను రాలేదు.

కాని ఒక్క సంగతి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట నే నెఱిగిన యొక గ్రామమున చౌకబియ్యపు దుకాణము వద్ద నిలుచుంటిని. డెబ్బదియేండ్ల కూలి ముసలమ్మ యొకతె వచ్చి యంత్రముపై వ్రేలు పెట్టినది. సిగ్నలు లేదు. మరల పెట్టినది, లేదు. "రేపు రమ్మవ్వా" అని దుకాణదారు చెప్పెను. అది ఆమెకు మూడవ రేపట. దుకాణదారు నలువదేండ్లనుండి ఆమె నెఱుగును. ఆమె వ్రేలు అచ్చటనే యున్నది, బియ్యపుమూటలు అచ్చటనే యున్నవి, బియ్యము నిచ్చు మనుష్యుడు అచ్చటనే యున్నాడు. ఇమ్మనియో ఇవ్వవలదనియో చెప్పవలసిన బుద్ధి మాత్రము ఎచ్చటనో దూరమున నున్నది. దానికిని ఈ ముసలమ్మకును నడుమ నున్న తీగ తెగినది. ఆమె ఖాళీసంచితో ఇంటికి పోయినది.

దొంగలెక్కలను అరికట్టుటకే ఆ యంత్రమును పెట్టిరి. ఆ యుద్దేశమును నేను తప్పుపట్టను. నా ప్రశ్న వేఱు. ఏ నిర్ణయము దూరమున జరుగవలయును, ఏ నిర్ణయము సమీపమున జరుగవలయును? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులును వేసికొనిరి. వారికి దొరకిన సమాధానమే నీహారగణనము.

కాళిదాసుని మేఘదూతమును చదివినవారు ఈ సభలో పలువురు గలరు. రామగిరియందలి యక్షుడు అలకాపురిలోని ప్రియురాలికి మేఘముచేత సందేశము పంపెను. మేఘము కొండలమీద విశ్రమించుచు, నదుల నీరు త్రాగుచు, మెల్లగా పోయినను ప్రేమసందేశమునకు హాని లేదు. కాని యక్షుని యింటికి నిప్పంటుకొనినచో మేఘదూత పనికివచ్చునా? పొరుగువాడు కడవతో పరుగెత్తి రావలయును. కొన్ని పనులు దూతకు తగినవి, కొన్ని పొరుగువానికి తగినవి.

2012 సంవత్సరమున సిస్కో సంస్థకు చెందిన ఫ్లావియో బొనోమియు ఆయన సహచరులును ఒక వ్యాసము ప్రకటించి ఈ పొరుగుసాయమునకు "ఫాగ్" అను పేరును ప్రచారమునకు తెచ్చిరి. 2015 నవంబరున సిస్కో, ఇంటెల్, మైక్రోసాఫ్టు, డెల్, ఆర్మ్ సంస్థలును ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమును గూడి ఓపెన్‌ఫాగ్ అను సంఘము నేర్పఱచినవి. 2018లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థ దీనికి లక్షణము చెప్పెను. 2019లో ఓపెన్‌ఫాగ్ వేఱొక పారిశ్రామిక సంఘమున లీనమైనది. నేడు పెక్కుమంది దీనిని "ఎడ్జ్" అనగా అంచు గణనమని పిలుచుచున్నారు. సూక్ష్మముగా చూచినచో అంచు అనగా యంత్రమునందో దాని ప్రక్కనో జరుగు గణనము. నీహారమనగా యంత్రమునకును మేఘమునకును నడుమ మెట్లుమెట్లుగా నున్న గణనము. పేరు ఏదైనను తత్త్వ మొక్కటియే. తొందరపనికి కావలసిన బుద్ధిని పని జరుగుచోటనో దానికి దగ్గఱనో ఉంచి, దీర్ఘకాలపు జ్ఞాపకమును పెద్దలెక్కను దూరపు మేఘమునకు పంపవలయును.

మన పూర్వులకు ఈ తత్త్వము క్రొత్తగాదు. తెలంగాణమందలి గొలుసుకట్టు చెఱువులను చూడుడు. వర్షపునీరంతయు ఒక్క మహాసముద్రమునకు పోయి తిరిగి రావలయునని వారు కూర్చుండలేదు. ఊరూర చెఱువు కట్టిరి. పై చెఱువు అలుగు పాఱిన నీరు క్రింది చెఱువునకు చేరును. ఏ మడికి ఎంత నీరు విడువవలయునో ఆ యూరి నీరటికాడే తూమువద్ద నిర్ణయించును. పొలమెండుచుండగా పట్టణమునకు అర్జీ పంపి ప్రత్యుత్తరమునకు ఎదురుచూడడు. మేఘము గొప్పదే, కాని పంటకు ఆధారము ఊరి చెఱువు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఈ తత్త్వము మనుష్యుల ప్రాణములను కాపాడు తావు ఒకటి మన కన్నులయెదుటనే యున్నది. అది మన రైలుదారి. సికింద్రాబాదు నుండి వికారాబాదు, తాండూరుల మీదుగా వాడికి పోవు ఈ దారి 1874లో నిజాం కాలమున తెఱవబడినది. నూటయేబది సంవత్సరములు మనము దీనిపై రాకపోకలు సాగించితిమి. తాండూరు నాపరాళ్లును కందులును దీనివెంట దూరదేశములకు పోయినవి. ఈ దారియే "కవచ్" అను రైలు రక్షణయంత్రమునకు పరీక్షాస్థలమైనది. లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గమునను వికారాబాదు, బీదరు మార్గమునను సుమారు 250 కిలోమీటర్లపై దీనిని పరీక్షించిరి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై పరీక్షలు మొదలైనవి. 2020 జూలైలో దీనిని దేశమంతటికిని అంగీకృతమైన రక్షణపద్ధతిగా స్వీకరించిరి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషనుల నడుమ ఒకే పట్టాలపై రెండు ఇంజనులను నడపిరి. రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒకదానియందును, రైల్వేబోర్డు అధ్యక్షుడు వేఱొకదానియందును ఉండిరి. డ్రైవరు ప్రమేయము లేకయే ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరమున తానై నిలిచినది. ఆ స్టేషనులు మన కెంత సమీపములో మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఇది యెట్లు జరిగినది? పట్టాల నడుమ స్లీపర్లపై చిన్నచిన్న ట్యాగులు బిగించియుందురు. అవి మైలురాళ్లవంటివి. ఇంజను వానిపైగా పోవునపుడు చదివి "నే నిచ్చట నున్నాను" అని తెలిసికొనును. రెండు ట్యాగుల నడుమ చక్రము తిరిగిన లెక్కతో తన స్థానమును గుణించుకొనును. ప్రతి స్టేషనునందును ఒక కంప్యూటరు కలదు. ఏ సిగ్నలు ఎఱ్ఱనిదో, ఏది పచ్చనిదో, ఏ దారి కట్టబడినదో అది ఎఱుగును. "నీ వింతవఱకు రావచ్చును" అని అది రేడియో ద్వారా ఇంజనునకు అనుజ్ఞ నిచ్చును. ఇంజనులోని కంప్యూటరు తన వేగమును, నిలుచుటకు కావలసిన దూరమును లెక్కకట్టుకొనుచునే యుండును. డ్రైవరు ఏమఱినచో మొదట హెచ్చరించును, వినకున్నచో బ్రేకు వేయును. లెవెల్ క్రాసింగు సమీపించినపుడు తానే కూత వేయును. ఇక నిజమైన పొగమంచు క్రమ్మి సిగ్నలు కంటబడని వేళ, ఆ సిగ్నలు రంగును డ్రైవరు ఎదుటి పలకపై చూపును. కేంద్రకార్యాలయమువారు ఏ బండి ఎచ్చట నున్నదో దూరమునుండి చూచుచుందురు. వారు చూచుటకే. బ్రేకు వేయవలసిన క్షణమున ఇంజను వారిని అడుగదు.

రైల్వేవారు దీనికి నీహారమని పేరుపెట్టలేదు. కాని లక్షణము సరిపోయినది. ఇంజనున ఒక బుద్ధి, స్టేషనున ఒక బుద్ధి, దూరమున ఒక చూపు: ఇవి మూడు మెట్లు. గంటకు 110 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనునకు సుమారు 30 మీటర్లు పోవును. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, వేయి కిలోమీటర్ల దూరపు భవనమునకు వార్త పోయి వచ్చుటకు సెకనులో నూఱవవంతు చాలును. ఆలోగా బండి జానెడుకంటె కొంచె మెక్కువ దూరము మాత్రమే పోవును. "అయినచో దూరమైన నేమి?" అని యొక విద్యార్థి అడుగవచ్చును. తీగ బాగున్నపుడు చిక్కు లేదు. తీగ అయిదు సెకనులు మూగవోయినచో బండి 150 మీటర్లు పోవును. కావున దూరము మనము భయపడవలసిన శత్రువు గాదు. నడుమ తెగుటయే శత్రువు. చౌకబియ్యపు దుకాణమున ముసలమ్మకు జరిగినదియు ఇదే. రైలునందు ఇట్టి తెంపు ప్రమాదమును తెచ్చునని పెద్దలు గుర్తించిరి గనుక బుద్ధిని దగ్గఱ నుంచిరి. బియ్యమునందు ఆకలి తెచ్చునని గుర్తించువారు కావలయును. దుకాణములోని యంత్రమే ఊరి కార్డుల లెక్క నుంచుకొని, తీగ తెగిన దినమున బియ్యమిచ్చి, తీగ కలిసినపుడు ఆ లెక్క పైకి పంపినచో, ముసలమ్మకు ఖాళీసంచి ఉండదు, సర్కారునకు లెక్కయు తప్పదు.

రెండవ కారణము భారము. సెకనునకు 4 మెగాబిట్ల చొప్పున చిత్రములు పంపు కెమెరా ఒక్క దినమున 43 గిగాబైట్ల భారమును పుట్టించును. ఒక నాపరాతి గనియందో పాలిషు కర్మాగారమునందో అట్టివి పది పెట్టి, అన్నియు మేఘమునకు పంపినచో, రాత్రియంతయు ఖాళీగోడ చిత్రములు పంపుటకే సొమ్ము వ్యయమగును. సమీపమున నొక చిన్న కంప్యూటరు ఉన్నచో, కదలిక లేని చిత్రములను తానే విడిచి, మనుష్యుడు రంపము దగ్గఱకు చేయి చాచిన క్షణమున రంపమును నిలిపి, ఆ సంగతిని మాత్రము పైకి పంపును. రాతిపనివారి వ్రేళ్లకు ఇందు గల మేలు తాండూరు సోదరులకు నేను వేఱుగా వర్ణింపనక్కఱలేదు. సిమెంటు భట్టీనే చూడుడు. అందు క్లింకరు తయారగుటకు సుమారు 1450 డిగ్రీల వేడి కావలయును. ఆ వేడిని క్షణక్షణము సవరించు బుద్ధి భట్టీ ప్రక్కనే యుండవలయును. నెలసరి లెక్కలు ఎంత దూరమున నున్నను బాధ లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కందులను నిలువచేయు గిడ్డంగిలో తేమ పెరిగినపుడు గాలిమరను త్రిప్పుటకును ఇదే న్యాయము.

ఇక దోషములు చెప్పక గుణములే చెప్పుట ఉపాధ్యాయునకు తగదు. మేఘభవనమునకు కావలివాండ్రు, చల్లదనము, విద్యుత్తు అన్నియు నుండును. నీహారపు పెట్టెలు స్తంభములమీదను, గనుల యొడ్డునను, ఎండలో, రాతిదుమ్ములో, కోతుల నడుమ నుండును. ఒక్క కోటకు బదులు నూఱు గుడిసెలకు కావలి కాయవలయును. 2016లో "మిరాయి" అను దుష్టతంత్రము లోకమంతటను గల కెమెరాలను, ఇండ్లలోని ఇంటర్నెట్టు పెట్టెలను వశపఱచుకొనినది. వాని యజమానులు కర్మాగారమువారు పెట్టిన సంకేతపదమును మార్చకుండుటయే అందులకు కారణము. ఆ యేడు అక్టోబరున ఆ పెట్టెలసేనతో చేసిన దాడివలన అమెరికాలో ప్రసిద్ధములైన సేవలు పెక్కు కొన్ని గంటలు నిలిచిపోయినవి. తలుపు దగ్గఱ పెట్టిన దీపము ఇల్లు కాల్చినట్లయినది. మఱియు యంత్రము చెడినపుడు బాగుచేయువాడు హైదరాబాదు నుండి రావలసినచో, బుద్ధి దగ్గఱ నున్నను వైద్యుడు దూరమున నున్నట్లే.

ఇచ్చటనే మన సంఘమునకు పని కలదు. మనము ప్రతిసంవత్సరము చందాలు కూర్చి పిల్లలను నగరములకు పంపుచున్నాము. అది మంచిదే. వారు మేఘమున పనిచేయుదురు, పెద్దజీతములు తెత్తురు, పండుగకు వత్తురు. కాని ఊరి పెట్టెను తెఱచి, దుమ్ము తుడిచి, తెగిన తీగ నతికించి, సంకేతపదము మార్చి, యంత్రమునకు మరల ప్రాణము పోయువాడు మన వికారాబాదు, తాండూరులలోనే ఉండవలయును. ఆ విద్యకు ఇంజనీరు పట్టా అక్కఱలేదు. పాలిటెక్నిక్కునందును ఐటిఐయందును చదువు బీదపిల్లలు నేర్వగలరు. పోషకమహాశయులకు నా మనవి యిది. విద్యార్థివేతనములలో కొన్నింటిని ఈ విద్యకు ప్రత్యేకించుడు. మన వసతిగృహమున ఒక గదిని పనిముట్లతో, పాతయంత్రములతో అభ్యాసశాలగా చేయుడు. బాలికలకు సమభాగ మిండు. నా పాఠములు చెప్పిన వారిలో ఒకతె బాలికయే యని మరువకుడు. దీనికి సొమ్మెచ్చటిదని యడుగుదురేమో. నేడు ఈ వేదికపై కప్పిన శాలువలను నేను లెక్కించితిని. వచ్చేయేడు అందఱకును ఒక్కొక్క తమలపాకు చాలును. నాకు కప్పినదానిని ఇదిగో కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. దాని వెలతో పనిముట్లపెట్టె కొనుట మొదలుపెట్టుడు.

మఱియొక మనవి. మనలో గనుల యజమానులు, గిడ్డంగుల వర్తకులు, గ్రామపెద్దలు గలరు. యంత్రములు అమ్మువారు మీకడకు వచ్చినపుడు మూడు ప్రశ్న లడుగుడు. తీగ తెగినపుడు నీ యంత్రమేమి చేయును? అది వ్రాసికొను లెక్క ఎవరి సొత్తు? చెడినపుడు ఎన్నిదినములలో ఎవరు బాగుచేయుదురు? ఈ మూడింటికి సూటిగా బదులు చెప్పలేనివానితో బేరము వలదు.

సోదరులారా! రాత్రివేళ మన స్టేషనునుండి బండి కదలినపుడు ఇంజనులోను స్టేషనులోను రెండు చిన్నబుద్ధులు మేల్కొని యుండును. అందు నిద్రించు తల్లికి వాని పేరైనను తెలియదు. ఆ చౌకబియ్యపు దుకాణమున నిలిచిన ముసలమ్మకు సైతము అట్టి మేల్కొనిన పొరుగుబుద్ధి యొకటి దొరకవలయును. దానిని కాపాడు చేతులు మన పిల్లలవి కావలయును. ఇందులకు ఈ సంఘము పూనుకొనుగాక యని ప్రార్థించుచున్నాను.